జప్తులో సుభద్రమ్మ ఎదురు

సోమవారం పొద్దున్నే కోర్టు ఆమీను వచ్చి, సుభద్రమ్మ ఎదురును జప్తు చేసి, రిక్షాలో వేసుకుని బ్యాంకుకు తీసుకెళ్ళిపోతాడు.

పెద్ద గొడవేమీ జరగదు. ఆమీను సూర్యచంద్రరావు మర్యాదస్తుడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, మంచినీళ్ళు అడిగి తాగి, "మీ ఎదురు ఎక్కడుందండీ అమ్మగారూ?" అంటాడు. "నా ముందేనండి, ఎప్పుడూ అక్కడే ఉంటుంది" అంటుంది సుభద్రమ్మ. అతను దాన్ని ఆమె ముందునుంచి రెండు చేతులా ఎత్తుకుంటాడు. అది ఉతికి ఆరేసిన దుప్పటంత ఉంటుంది, ఆమె ఒంటి వేడి ఇంకా దానికి ఉంటుంది. మడతపెట్టబోతే మడతపడదు, దారిన పోయేవాళ్ళకేసి తిరిగి నవ్వుతూ ఉంటుంది. సూర్యచంద్రరావు దాన్ని రిక్షాలో తన పక్కన కూర్చోబెట్టి, మలుపులో పడిపోకుండా చెయ్యి అడ్డుపెట్టుకుంటాడు.

ఎదురంటే ఏమిటో మండపేట కాలవగట్టు వీధిలో ఎవరికీ చెప్పక్కర్లేదు గానీ, బయటివాళ్ళకు చెప్పాలి. ఏదైనా పనిమీద గడప దాటినప్పుడు మొదట మనకేసి ఎవరు నడిచి వస్తారో, ఆ పని వాళ్ళ చేతిలో ఉన్నట్టే. మంచి ఎదురైతే పని అవుతుంది. కాకపోతే వెనక్కొచ్చి, కాళ్ళు కడుక్కుని, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. ఆ వీధికి సుభద్రమ్మంత మంచి ఎదురు లేదు. పెళ్ళిచూపులకు వెళ్ళేవాళ్ళూ, పరీక్షలకు వెళ్ళేవాళ్ళూ, చివరికి పన్ను పీకించుకోవడానికి వెళ్ళేవాళ్ళూ ముందురోజే వచ్చి చెప్పిపోతారు. ఆమె తన గాజుల కొట్టు తలుపు వారగా వేసి, చెంగు సర్దుకుని, వీధి ఆ చివరినుంచి ఈ చివరికి నడుచుకుంటూ వస్తుంది. అంతే పని.

నిజానికి ఆమె ఎదురు రావలసిన మనిషి కాదు. భర్త పోయాక చాలా ఏళ్ళు, వీధిలో ఎవరు బయల్దేరుతున్నా తలుపు చాటుకు తప్పుకునేది. తప్పుకోమని ఎవరూ అనలేదు. అనిపించుకోవడమెందుకని తనే తప్పుకునేది. ఒకరోజు పక్కింటి దేవుళ్ళు పెద్ద బేరానికి బయల్దేరుతూ, తలుపు సందులో ఆమె చెంగు చూసి ఆగిపోయాడు. దేవుళ్ళు షామియానాలూ కుర్చీలూ వంటపాత్రలూ అద్దెకిచ్చే మనిషి.

"అక్కా, ఎవరికి అడ్డమని అలా గోడకి అతుక్కుపోతావు? ఇలా రా. నాకు నువ్వే ఎదురు రావాలి" అన్నాడు.

వచ్చింది. ఆ రోజు అతను చుట్టుపక్కల ఊళ్ళ తీర్థాలన్నిటికీ షామియానాల బేరం కుదుర్చుకుని వచ్చాడు. మర్నాటినుంచి వీధంతా ఆమె గుమ్మంలోనే ఉంది. సుభద్రమ్మకు ముఖమంటూ ఒకటి తిరిగి వచ్చిందంటే అది దేవుళ్ళు పుణ్యమే, ఆ సంగతి ఆమె అందరితోనూ చెప్పుకునేది.

అలాంటివాడు బ్యాంకులో అప్పు తీసుకుంటూ జామీను సంతకం చెయ్యమంటే చెయ్యదా? ఆస్తి ఏం రాయమంటారని మేనేజరు త్రిమూర్తులు అడిగినప్పుడు ఇద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు. ఇల్లు అద్దెది. కొట్లో ఉన్నవి గాజులు. "ఆవిడ ఎదురు రాసుకోండి బాబూ" అన్నాడు దేవుళ్ళు. త్రిమూర్తులు ఆ పొద్దున కొడుకు సీటు పనిమీద ఆ ఎదురు చూసుకునే బయల్దేరి వచ్చాడు కాబట్టి, మారుమాట్లాడకుండా రాసుకున్నాడు.

ఆ ఏడు తుపానుకు షామియానాలన్నీ లేచిపోయాయి. వాటిని వెతుక్కుంటూ దేవుళ్ళు నర్సీపట్నం వైపు వెళ్ళాడు, తిరిగి రాలేదు. కిస్తీలు ఆగిపోయాయి. బ్యాంకు కోర్టులో దావా వేసింది. మొదటి ప్రతివాది దేవుళ్ళు, రెండో ప్రతివాది సుభద్రమ్మ. తీర్పు వచ్చేలోగా ఆస్తి చెయ్యిజారిపోకుండా ముందే జప్తు చేయించుకుంది.

రిక్షా మలుపు తిరిగాక సుభద్రమ్మ లోపలికి వెళ్ళి అద్దం ముందు నిలబడుతుంది. అద్దంలో ఆమె వీపు కనిపిస్తుంది. ముడి కాస్త పక్కకు జారి ఉంది. సరిచేసుకుంటుంది. ఇన్నేళ్ళూ తడుముకుంటూ వేసుకోవడమే గానీ, ముడిని చూస్తూ వేసుకున్నది లేదు. ఇదీ బాగానే ఉందనుకుంటుంది.

వీధిలోకి వస్తే మిగతాది తెలుస్తుంది. ఆమె ఎటు నడిచినా, చూసేవాళ్ళకు వెళ్ళిపోతున్నట్టే ఉంటుంది. "అమ్మగారూ, అలా ఎల్లిపోతారేంటండీ, వంకాయలు లేతగా ఉన్నాయండీ!" అని కూరల బండివాడు కేకలు పెడుతుంటాడు. ఆమె అతని బండి పక్కనే నిలబడి ఆ వంకాయలే ఏరుతుంటుంది. గాజులకు వచ్చిన ఆడవాళ్ళు ఆమె వీపుకు చేతులు చాపుతారు. ఆమె చేతులు వెనక్కి పెట్టి, ఒక్క గాజు చిట్లకుండా తొడిగేస్తుంది. వీపుతో బేరమాడటం ఇంకా సులువని కూడా కనిపెడుతుంది, ఎందుకంటే వీపు మొహమాటపడదు.

అందరితోనూ నవ్వుతూనే మాట్లాడుతుంది గానీ ఆ నవ్వు ఎవరికీ కనబడదు. అదొక్కటే ఆమెకు కష్టం. మళ్ళీ తలుపు చాటు రోజులొచ్చాయేమోనని భయపడుతుంది. ఈ దావా పోతే ఇక బతికినంతకాలం వీపేనా అని కూర్చుని ఏడుస్తుంది. కన్నీళ్ళు ముడి కిందనుంచి జారి జాకెట్టు వెనకభాగం తడిసిపోతుంది. అది ఆరాక లేచి, గుత్తివంకాయ వండుకుని తృప్తిగా తింటుంది.

బ్యాంకులో మాత్రం పండగ. స్ట్రాంగ్‌రూము ఇనప తలుపు వెనకాల పెట్టి తాళం వేసినా ఎదురు తన పని తను చేసుకుపోతుంది. బ్యాంకులో ఎవరు కుర్చీలోంచి లేచి ఎటు బయల్దేరినా, లోపల అది వాళ్ళకేసి ఒక అడుగు వేస్తుంది. క్యాషియరుకు పెళ్ళి కుదురుతుంది, పెళ్ళికూతురు ఊరికే ట్రాన్స్‌ఫరొస్తుంది. అకౌంటెంటుకు ప్రమోషనొస్తుంది, అతనూ వెళ్ళిపోతాడు. గుమస్తాలు ఒక్కొక్కరే కోరుకున్న చోటికి వెళ్ళిపోతారు. వాళ్ళ స్థానంలోకి వచ్చినవాళ్ళు టీ తాగడానికి లేస్తారు, వాళ్ళకూ ట్రాన్స్‌ఫరొచ్చేస్తుంది.

దావా సంగతి మాట్లాడదామని సుభద్రమ్మ వెళ్ళేసరికి త్రిమూర్తులు ఒక్కడే మిగిలి ఉంటాడు. పెట్టె సర్దుకుంటూ, ఆమె వీపుకు నమస్కారం పెడతాడు.

"కూర్చోండమ్మా. నాక్కూడా సొంతూరు నర్సాపురం వచ్చేసిందండీ. ఎప్పుడో పెట్టుకున్న అర్జీ అండీ అది."

"చల్లగా వెళ్ళు బాబూ. వెళ్తూ వెళ్తూ నా ఎదురు నాకిచ్చేసి వెళ్ళు."

"ఇచ్చేద్దునండీ. స్ట్రాంగ్‌రూముకి రెండు తాళంచెవులండీ. రెండూ కలిపి తిప్పితే గానీ తెరుచుకోదు. ఒకటి అకౌంటెంటు దగ్గరుండేది. ఆయనకి మదనపల్లి వచ్చింది కదా, తాళంచెవికీ ఆయనతోపాటే ట్రాన్స్‌ఫరు వేశారు."

"మరి రెండోది?"

"నాతోపాటు నర్సాపురం అండీ. అదీ ఆ ఊరిదే."

"అందరూ వెళ్ళిపోతే మరి అప్పో?"

"అప్పుకి ట్రాన్స్‌ఫరు ఉండదమ్మా. అది ఇక్కడే ఉంటుంది" అని త్రిమూర్తులు బాధగా అంటాడు. తర్వాత పెట్టె పట్టుకుని గడప దాటుతాడు. ఇనప తలుపు వెనకాల చిన్నగా అడుగు చప్పుడవుతుంది. అతనికి బస్సులో కిటికీ పక్క సీటు దొరుకుతుంది.

ఆ సాయంత్రమే సుభద్రమ్మ ఫోను మోగుతుంది.

"అక్కా, నేను దేవుళ్ళుని."

"ఎక్కడ చచ్చావురా?"

"నర్సీపట్నంలోనే ఉన్నానక్కా. షామియానాలన్నీ దొరికేసేయి. కొండమీద మేఘాల్లో కలిసి తిరుగుతుంటే పేరుపెట్టి పిలిచి దింపుకున్నాను. ఇక్కడ పెళ్ళిళ్ళకి అద్దెకి కూడా ఇచ్చేను. బ్యాంకుకి కట్టాల్సిందంతా మూట కట్టుకుని అరుగుమీద కూర్చున్నాను."

"మరి బయల్దేరి రావేం?"

"ఎదురు బాగోలేదక్కా."

"ఎప్పట్నించి?"

"వానలు తగ్గినకాడ్నించీ. మూట పట్టుకుని దిగుతానా, ఎవడో తుమ్ముతాడు. ఎనక్కొచ్చి కాళ్ళు కడుక్కుని కూర్చుంటాను. మళ్ళీ దిగితే పిల్లి. మళ్ళీ కూర్చుంటాను. మళ్ళీ దిగితే ఓ పెద్దమనిషి 'ఎక్కడికండీ' అనేసేడు. ఈ ఊళ్ళో జనానికి ఎదురు రావడం తెలీదక్కా. కాళ్ళు కడిగీ కడిగీ నా పాదాలు తెల్లకాయితాల్లా అయిపోయేయి. నువ్వొక్కసారి ఎదురొచ్చి పో, రెక్కలు కట్టుకుని వాల్తాను."

సుభద్రమ్మకు నవ్వాలో తిట్టాలో తెలియదు. రెండూ చేస్తుంది. "నా ఎదురు బ్యాంకువాళ్ళు పట్టుకుపోయారురా, నీ అప్పు కిందే" అంటుంది.

అవతల దేవుళ్ళు పెద్దగా ఏడుస్తాడు. ఆ ఏడుపుకు ఫోను తడిసి బరువెక్కితే, ఆమె దాన్ని పిండి, మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంటుంది.

"నన్ను పట్టుకుపోకపోయేరా అక్కా?"

"నువ్వు దొరికితే కదా!"

వాయిదా రోజు వస్తుంది. కోర్టు హాల్లో ఫ్యాన్లు పైకి వీస్తుంటాయి, కాగితాలన్నీ కప్పుకు అంటుకుని ఉంటాయి. బెంచి గుమస్తా పొడుగు కర్రతో కావలసిన కాగితాన్ని కిందికి లాగుతుంటాడు. బంట్రోతు వరండాలోకి వెళ్ళి దేవుళ్ళు పేరు మూడుసార్లు పిలుస్తాడు. దేవుళ్ళు పలకడు. సుభద్రమ్మ పేరు పిలిస్తే ఆమె బోనులో నిలబడే ఉంటుంది, గోడకేసి తిరిగి.

"రెండో ప్రతివాది కోర్టుకు వీపు చూపిస్తున్నారేం?" అని జడ్జిగారు అడుగుతారు. ఆవిడ కొత్తగా వచ్చిన మనిషి, కలం చేతిలోంచి ఎప్పుడూ దించరు.

"ముందువైపు జప్తులో ఉందండి మేడమ్. నేనే చేశానండి" అంటాడు ఆమీను సూర్యచంద్రరావు. అతనికి ఆ సంగతి చెబుతుంటే సిగ్గుగా ఉంటుంది.

బ్యాంకు లాయరు లేచి, "అప్పు తీసుకున్నవాడి బాధ్యత ఎంత పొడుగో, జామీనుదారు బాధ్యతా అంతే పొడుగు మేడమ్. ఇది చట్టం" అంటాడు.

"కొలిచారా?"

"మొదటి ప్రతివాది లేకుండా ఎలా కొలవమంటారు?"

"అదీ నిజమే. వచ్చే వాయిదాకు ఆయన రావాలి. రాకపోతే రెండో ప్రతివాది మీద డిక్రీ ఇచ్చేస్తాను. అప్పుడు ఆమె ఎదురు శాశ్వతంగా బ్యాంకుదైపోతుంది" అని జడ్జిగారు రాసుకుంటారు. కాగితం వెళ్ళి కప్పుకు అంటుకుంటుంది.

సుభద్రమ్మ కోర్టు మెట్లమీద కూర్చుని ఆలోచిస్తుంది. వాడికి ఎదురు కావాలి. తన దగ్గర ఉన్నది వీపు. ఉన్నదానితోనే వండుకోవడం ఆమెకు కొత్త కాదు. లేచి చెంగు దోపుకుని, అక్కడినుంచి అటే నర్సీపట్నం వెళ్ళిపోతుంది. చేరుకోవడం ఎలాగూ చేతకాదు గానీ వెళ్ళిపోవడంలో ఈమధ్య ఆమెకు మంచి చురుకొచ్చింది. దారిలో బస్సులు ఆమెను దాటలేక హారన్లు కొడతాయి. తుని వాళ్ళు ఇంకా టిఫిన్ల దగ్గర ఉండగానే ఆమె తునిలోంచి వెళ్ళిపోతుంది. అలా వెళ్ళి వెళ్ళి, దేవుళ్ళు కూర్చున్న అరుగు ముందునుంచి వెళ్ళిపోవడం మొదలుపెడుతుంది.

"అక్కా!" అని అరుస్తాడు దేవుళ్ళు. మూట ఒళ్ళో ఉంటుంది, తెల్లటి పాదాలు కిందికి వేలాడుతుంటాయి. "వచ్చి మాటైనా మాట్లాడకుండా ఎల్లిపోతావేం?"

"నోరు మూసుకుని నా వెనకాల నడు."

"ఎదురు లేకుండానా?"

"ఒరేయ్, నీకు ఎదురొచ్చేది ఏదైనా ముందు నాకు ఎదురు రావాలా వద్దా? పిల్లొచ్చినా తుమ్మొచ్చినా నాకు తగిలి ఆగిపోతుంది. నీకు కనబడేది నా వీపొక్కటే. వీపుకి మంచీ లేదు చెడ్డా లేదు."

దేవుళ్ళు చాలాసేపు తల గోక్కుంటాడు. ఎక్కడా తప్పు దొరకదు.

"మరి నీకు తగిల్తేనో?"

"నాకేమవుతుంది? నేనేమన్నా బయల్దేరానా? వెళ్ళిపోతున్నాను, అంతే కదా" అంటుంది సుభద్రమ్మ.

అది విని దేవుళ్ళు అరుగు దిగుతాడు. వెంటనే ఒక పిల్లి ఎదురొస్తుంది. అది సుభద్రమ్మను చూసి, ఏం చెయ్యాలో తోచక, దేవుళ్ళు వెనకాల చేరి నడుస్తుంది.

దారిపొడుగునా గుమ్మాల్లో ఆగిపోయిన జనం ఈ సంగతి కనిపెడతారు. బాసికం కట్టుకుని ఎదురు కోసం కూర్చుండిపోయిన ఒక పెళ్ళికొడుకు లేచి వరసలో చేరతాడు. ఉద్యోగం ఇంటర్వ్యూకు బయల్దేరి గడపలోనే రిటైరయ్యే వయసుకొచ్చిన ఒకాయన, ఇస్త్రీ చొక్కా నలక్కుండా చేతులు దూరంగా పెట్టుకుని వస్తాడు. అన్నవరం దగ్గర ఒక ఎర్రబస్సు, డ్రైవరుతోనూ కండక్టరుతోనూ సహా వెనకాల కలుస్తుంది. పైన షామియానాలు వాటంతట అవే ఎగురుతూ అందరికీ నీడ పడుతుంటాయి. ఎవరో పాట ఎత్తుకుంటారు. దేవుళ్ళు ఏడుపు మానేసి తాళం వేస్తాడు. అందరి ముందూ నడుస్తున్న సుభద్రమ్మకు మాత్రం ఎవరూ ఎదురు రారు. ఆమెకా సంగతి తట్టదు, వెనకాల పాట బాగుంది.

ఈ ఊరేగింపంతా వాయిదా వేళకు తిన్నగా కోర్టు హాల్లోకి వెళ్తుంది. హాలు సర్దుకుని, కాస్త పొడుగై, బస్సుకు కూడా చోటిస్తుంది. బంట్రోతు దేవుళ్ళు పేరు ఒక్కసారే పిలుస్తాడు. "ఆయ్, వచ్చేనండీ!" అని దేవుళ్ళు చెయ్యెత్తుతాడు. సూర్యచంద్రరావు టేపు తెచ్చి ఇద్దరి బాధ్యతలూ పక్కపక్కన పరిచి కొలుస్తాడు. సరిగ్గా సమానంగా ఉంటాయి. లాయరు గర్వంగా చుట్టూ చూస్తాడు.

దేవుళ్ళు మూట విప్పుతాడు. పుచ్చుకోవడానికి బ్యాంకువాళ్ళెవరూ లేకపోవడంతో లాయరే లెక్క చూసి రసీదు రాస్తాడు.

"బాకీ తీరింది. దావా కొట్టేశాను, జప్తు ఎత్తేశాను. ఎదురును తెచ్చి ఆవిడకు అప్పగించండి" అంటారు జడ్జిగారు.

సూర్యచంద్రరావు కదలడు. "తాళంచెవులు లేవండి మేడమ్. నర్సాపురం చెవిని రమ్మంటే వస్తుందండి. మదనపల్లి చెవి పిల్లల్ని అక్కడ బళ్ళో వేసేసిందటండి. పరీక్షలయ్యేదాకా కదలనని కబురు పెట్టింది."

దేవుళ్ళు తన తెల్లటి పాదాలకేసి చూసుకుంటాడు. గెలిచిన దావాలో కూడా తనకు మిగిలింది వీపేనా అని సుభద్రమ్మకు దుఃఖం ముంచుకొస్తుంది. జాకెట్టు మళ్ళీ తడుస్తుంది.

అప్పుడు జడ్జిగారు మొదటిసారి కలం కింద పెడతారు.

"సుభద్రమ్మగారూ, ఎదురు ఎవరికి వస్తుంది?"

"బయల్దేరినవాళ్ళకండీ."

"మీరెప్పుడైనా బయల్దేరారా?"

"నర్సీపట్నం దాకా వెళ్ళానండీ."

"అది వెళ్ళిపోవడం అని మీరే అన్నారట, సాక్షి ఉన్నాడు. బయల్దేరారా అని అడుగుతున్నాను."

సుభద్రమ్మ వెతుక్కుంటుంది. కాపురానికి వచ్చింది, అది తీసుకొస్తే రావడం. తర్వాత తలుపు చాటున నిలబడటం. ఆ తర్వాత వీధి చివరినుంచి ఇంకొకరి కోసం నడిచి రావడం, వాళ్ళు వెళ్ళాక మళ్ళీ కొట్లో కూర్చోవడం. ఎంత వెతికినా తన కోసం గడప దాటిన రోజు ఒక్కటి కూడా దొరకదు. ఇంత వయసొచ్చి ఇది ఇప్పుడా తెలియడం అని ఆమెకు నవ్వొస్తుంది, భయం కూడా వేస్తుంది.

"లేదండీ" అంటుంది.

"అయితే తాళంచెవులతో పనేముంది? బయల్దేరండి. అదే వస్తుంది" అని జడ్జిగారు గుమ్మం దాకా వచ్చి నిలబడతారు.

కోర్టు గుమ్మానికి రెండు పక్కలా జనం తప్పుకుని దారి ఇస్తారు. ఇంటర్వ్యూ పెద్దాయనకు తుమ్ము రాబోతే దేవుళ్ళు వెళ్ళి ఆయన ముక్కు పట్టుకుంటాడు. పిల్లిని కండక్టరు చంకలో పెట్టుకుంటాడు. ఎక్కడికని ఎవరూ అడగరు. అడిగినా ఆమె దగ్గర జవాబు లేదు. సుభద్రమ్మ కుడికాలు ఎత్తి గడప దాటుతుంది.

ఆ కాలు నేల తాకగానే, వెనకాల నిలబడినవాళ్ళందరికీ ఆమె ముఖం కనిపిస్తుంది. దేవుళ్ళు చూసి, "అబ్బ, ఎంత బాగుందక్కా!" అంటాడు.

రోడ్డు ఆ చివర బ్యాంకు గోడ చప్పుడు లేకుండా పక్కకు జరుగుతుంది. లోపలినుంచి సుభద్రమ్మ వస్తుంది. ఆమె వెనకాల ఇంకో సుభద్రమ్మ, ఆ వెనకాల మరొకరు. ఎవరెవరి కోసమో ఏయే పొద్దుల్లో నడిచి వచ్చిందో ఆ సుభద్రమ్మలందరూ, ఆనాటి చీరల్లోనే, రోడ్డు నిండా నవ్వుతూ ఆమెకేసి వస్తుంటారు. ఒక్కొక్కరి చంకలో ఒక్కొక్క ఊరు ఉంటుంది, ఆమె ఎన్నడూ చూడని ఊళ్ళు. వాటిలో బస్సులు తిరుగుతుంటాయి, సందుల్లో ఆడవాళ్ళు గాజుల చేతులతో బట్టలు ఆరేస్తుంటారు.

అందరికంటే ముందున్న సుభద్రమ్మ దగ్గరకొచ్చి ఆగుతుంది. ఆమె చంకలోని ఊరు చంటిపిల్లలా, కొత్త చెయ్యకుండా, తన వీధులు రెండూ చాపి, ఈమె మీదికి వచ్చేస్తుంది. సుభద్రమ్మ దాన్ని ఎత్తుకుని భుజానికి ఆనించుకుంటుంది, దాని వీధుల్లోకి నడుస్తుంది.